కెల్స్ గ్రంథము

ఐరోపా ఖండమునకు పశ్చిమముగా, అట్లాంటిక్ మహాసముద్రమునందు ఐర్లండు అను ద్వీపము గలదు. అందలి డబ్లిన్ నగరమున, ట్రినిటీ కళాశాల గ్రంథాలయమునందు, పండ్రెండు శతాబ్దముల నాటి వ్రాతప్రతి యొకటి భద్రపరుపబడియున్నది. దానికే కెల్స్ గ్రంథమని పేరు. ఏసుక్రీస్తు చరిత్రమును దెలుపు నాలుగు సువార్తలు అందు లాటిను భాషలో లిఖింపబడినవి.

స్కాట్లండు పశ్చిమ తీరమునకు చేరువనున్న అయోనా అను చిన్న దీవిలో, కొలంబా అను ఐర్లండు సాధువు 563లో మఠమును స్థాపించెను. 795 మొదలుకొని వైకింగులను సముద్రపు దోపిడిగాండ్రు ఆ దీవిపై దండెత్తసాగిరి. 806లో వారు 68 మందిని వధించిరి. మరుసటి సంవత్సరము అయోనా సన్యాసులు ఐర్లండులోని కెల్స్ అను చోట క్రొత్త మఠమును నిర్మింప నారంభించిరి. ఇట్టి భయానక దినములలో, 800 ప్రాంతమున, ఈ గ్రంథము తయారయ్యెను. అది అయోనాలో వ్రాయబడెనో, కెల్స్‌లో వ్రాయబడెనో యను విషయమున పండితులలో భిన్నాభిప్రాయములు గలవు.

ఆ కాలమున ఐరోపాలో అచ్చుయంత్రము లేదు. సన్యాసులు దూడల చర్మములను శుభ్రపరచి, ఎండబెట్టి, నునుపు చేసి, వానిపై ఈక కలముతో వ్రాసెడివారు. మాచికాయలును అన్నభేదియును కలిపి సిరాను సిద్ధము చేసెడివారు. ఎఱుపునకు సిందూరమును, పసుపునకు హరిదళమును వాడిరి. పుటలలో పసిడివలె మెఱయునది ఆ హరిదళమే. గ్రంథమందలి చిత్రములలో బంగారము లేదు.

ఒక పుటయందు క్రీస్తు నామమును సూచించు గ్రీకు అక్షరములు తీగెలవలె అల్లుకొని పుటనంతయు నాక్రమించియున్నవి. ఆ యక్షరముల యడుగున రెండు ఎలుకలు రొట్టెబిళ్ళను నోట గఱచియుండగా పిల్లులు చూచుచున్నవి. ఆ చెంతనే నీటికుక్క యొకటి చేపను బట్టుకొనియున్నది. ఇంత సూక్ష్మమైన పని చేసినవారి పేళ్ళు గ్రంథమున నెచ్చటను గానరావు.

గ్రంథమునకు వెలుపల మాత్రము బంగారు తొడుగుండెను. అదియే దానికి ముప్పు తెచ్చెను. 1007లో ఒకనాటి రాత్రి దొంగలు కెల్స్ దేవాలయమునుండి ఒక సువార్త గ్రంథమును అపహరించిరని ఐర్లండు చరిత్రవృత్తాంతములు దెలుపుచున్నవి. రెండు నెలల యిరువది రాత్రుల పిమ్మట అది పచ్చిక పెళ్ళ క్రింద దొరకెను. బంగారము పోయినది, పుటలు మిగిలినవి. ఆ గ్రంథమిదియేయని పండితులు తలంచుచున్నారు. ఇందలి తొలి పుటలును తుది పుటలును కొన్ని నేడు లేవు. తొడుగును పెఱికినపుడు అవి పోయియుండునని ఊహింపబడుచున్నది.

1653 ప్రాంతమున సైనికులు కెల్స్ దేవాలయమున విడిది చేయగా, గ్రంథమును రక్షించుటకై డబ్లినునకు బంపిరి. పిదప హెన్రీ జోన్సు అను మతాచార్యుని మూలమున అది ట్రినిటీ కళాశాలకు జేరెను. 1953లో దానిని నాలుగు సంపుటములుగా గట్టిరి. ఇప్పుడు 340 ఆకులు, అనగా 680 పుటలు, మిగిలియున్నవి. 2011లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ స్మృతి పట్టికయందు జేర్చినది.

దొంగలు గొనిపోయిన బంగారమేమయ్యెనో తెలియదు. వారు విలువలేనిదని మట్టిపాలు చేసిన చర్మపు పుటలను జూచుటకు మాత్రము నేటికిని దేశదేశముల జనులు డబ్లినునకు వచ్చుచున్నారు. లోహమును కొల్లగొట్టవచ్చును, ఓర్పుతో చేసిన పనిలోని సౌందర్యమును గుర్తించుటకు విజ్ఞత కావలయును.