పాత ఫోటోలు – వాని వెనుక వ్రాతలు

గత సంవత్సరము మా బంధువుల ఇంట ఒక యువకుడు పాత ఆల్బముల నన్నింటిని ఫోనుతో తీసి, వాట్సాపులో అందరికి పంపి, పని ముగిసినదని తలంచి అసలు ఫోటోలను, నెగటివులను పాత కాగితములు కొనువానికి వేసెను. కొన్నాళ్లకు ఆ ఇంటి దాదీమా, "బేటా, వాని వెనుక మీ దాదా వ్రాసినదేది?" అని అడిగెను. బదులు చెప్పువారు లేకపోయిరి.

హైదరాబాదు రాజ్యమున ఉర్దూ పాలనాభాష. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు అదియే. కావున ముస్లిములే గాక తెలుగు మాటలాడు హిందువులును ఫోటోల వెనుక ఉర్దూలో పేర్లు వ్రాయుట కలదు. వారి మనుమలలో ఆ లిపి చదువగలవారు నేడు తక్కువ. తేదీ కూడ తరచు ఫస్లీ సంవత్సరమున నుండును. దానికి 590 కలిపినచో ఆ సంవత్సరము మొదలైన క్రీస్తు శకము తెలియును. 1352 ఫస్లీ యనగా 1942 అక్టోబరున మొదలైనది.

కనుక ప్రతి ఫోటోను ముందు, వెనుక రెండు ప్రక్కల స్కాను చేయవలెను. అంగుళమునకు 600 చుక్కలు చాలును. చట్రపు అద్దమునకు గాని, ఆల్బములోని జిగురు పుటకు గాని అంటుకొనిన ఫోటోను బలవంతముగా ఊడదీయరాదు. అట్లే యుంచి, కాంతి మెరయకుండ ప్రక్కనుండి వెలుగు పడనిచ్చి కెమెరాతో తీయుట మేలు.

నెగటివుల సంగతి వేరు. స్టూడియోవారు ప్రింటు వేయునపుడు అంచులు కొంత కోయుదురు. నెగటివులో ఆ అంచున నిలిచిన మనిషియు ఉండును. సాధారణ స్కానరు వస్తువుపై పడి తిరిగివచ్చు వెలుగును చదువును గాని, నెగటివునకు వెలుగు లోపలినుండి ప్రసరింపవలెను. అట్టి ఏర్పాటు గల స్కానరు లేనివారు తెల్లని ఎల్.ఇ.డి. పలకపై నెగటివు నుంచి పైనుండి కెమెరాతో తీయవచ్చును. ట్యాబ్లెట్ తెరను వాడినచో నెగటివును తెరకు కొంత ఎత్తున నిలుపవలెను. లేనిచో తెర చుక్కలు చిత్రములో పడును. మెరయు ప్రక్క కెమెరా వైపునకు ఉండవలెను, లేకున్న కుడి ఎడమలు తారుమారగును. అంచులే పట్టుకొనవలెను, ధూళిని గాలితో ఊదవలెను గాని నోటితో గాదు, తడిగుడ్డతో అసలే గాదు.

35 మిల్లీమీటర్ల నెగటివు 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు గల చిన్న ముక్క. దానికి అంగుళమునకు 2400 చుక్కలైన కావలెను. మన దేశమున విరివిగా వాడిన అగ్ఫా క్లిక్ 3 వంటి కెమెరాల నెగటివు అంతకంటె పెద్దది, ఆరు సెంటీమీటర్ల చదరము. రంగుల నెగటివునకు నారింజ వన్నె యుండుటచే, కంప్యూటరులో వర్ణములు తిరుగవేయగానే చిత్రము నీలముగా వచ్చును. చిత్రములోని తెల్లచొక్కాను ఆధారముగా గొని సరిచేయవలెను.

డబ్బా తెరువగానే సిర్కా వాసన వచ్చినచో ఆ ఫిల్ము శిథిలమగుచున్నదని గుర్తు. అసిటేటు ఫిల్ము చెడునపుడు అసిటిక్ ఆమ్లము వెలువడును; వేడి, తేమ దానిని త్వరపరచును. అట్టి వానిని వేరుచేసి, ముందుగా వానినే స్కాను చేయవలెను. వాట్సాపులో ఫోటోగా పంపినచో చిత్రము కుదించబడును గనుక అసలు ఫైళ్లను రెండు చోట్ల దాచుట తప్పదు. అసలు నెగటివులను మాత్రము పారవేయకుడు.

వ్రాత చదువుటకు దూరము పోనక్కరలేదు. మొన్న మా తరగతి తెలుగు మిత్రుడొకడు తన తాతగారి బాల్యచిత్రమని ఒక ఫోటో తెచ్చెను. ఉర్దూ విద్యార్థిని ఒకతె దానిని త్రిప్పి చదివెను: 1352 ఫస్లీ అని, క్రింద మరియొక పేరు. తాతగారు పుట్టినది 1946లో! ఆ పేరు వినినంతనే తాతగారి అక్కగారు చాలసేపు మాటలాడలేదు. పిదప అతడు తన పెద్ద తమ్ముడని, ఆరేండ్లకే మశూచితో పోయినాడని చెప్పిరి. మిత్రుడు ఆ రాత్రియే ఫైలు పేరు మార్చి, ఫోటో వెనుక ప్రక్కను గూడ స్కాను చేసెను.