రెండో కాన్పుకే మనిషి సాయం ఎక్కువ కావాలి

తెనాలి

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీకు ఏడో నెల వెళ్లిందని, ఈసారి కాన్పు హైదరాబాదులోనే అని మీ అమ్మ చెప్పింది. నీ పెద్దపిల్ల చిట్టికి బడి పోతుందని పుట్టింటికి రావడం మానుకున్నావట. అది సరైన ఆలోచనే. కానీ "రెండోదే కదా, అన్నీ తెలిసినవే, ఎవర్నీ ఇబ్బంది పెట్టను" అన్నావట చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. ఫోన్లో చెబుదామంటే నీకు తీరికుండదు, నాకు మాట తెగదు. అందుకే రాస్తున్నాను.

ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి చెబుతున్నాను. తొలిచూలు పిల్ల వస్తే వార్డు గుమ్మం దగ్గర అటూ ఇటూ వాళ్లు గుంపుగా ఉండేవారు. అదే పిల్ల రెండోసారి వస్తే మొగుడొక్కడే ఫ్లాస్కు పట్టుకుని నిలబడేవాడు. తెలిసిన పనే కదా అని అందరూ మెల్లగా తప్పుకుంటారు. పని తెలిసిందే కావచ్చు, తగ్గిందని ఎవరన్నారు? మొదటిసారి బిడ్డ నిద్రపోతే నువ్వూ ఓ కునుకు తీశావు. ఈసారి చంటిది కన్ను మూసే వేళకి పెద్దది బ్యాగు విసిరేసి "అమ్మా, ఆకలి" అంటుంది. సాయం కావలసింది ఇప్పుడే.

ముందు నీ ఒంటి సంగతి. మొదటిసారి ఐరన్ మాత్ర అలారం పెట్టుకుని మరీ వేసుకున్నావు. ఈసారి చిట్టి వెనక పరుగుల్లో ఎన్ని మానేశావో నీకే తెలియాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనతే. ఈ వారమే పరీక్ష చేయించుకో. మాత్ర వేసుకోగానే కాఫీ, టీ తాగకు, ఒంటికి పట్టదు.

"మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే" అని మనవాళ్లు తేల్చేస్తారు. అలాగని ఏమీ లేదు. చిట్టి ఎదురుకాళ్లతో ఉండటం వల్ల నీకు కోయాల్సి వచ్చింది. ఈ బిడ్డ తల కిందికి ఉండి, గర్భసంచి మీద పాత కోత అడ్డంగా ఉండి, తగినంత ఎడం ఉంటే మామూలు కాన్పుకి ప్రయత్నించవచ్చు. మీకు నాలుగేళ్ల ఎడం ఉంది. అయితే రాత్రింబవళ్లు ఆపరేషన్ థియేటరు, రక్తం, మత్తు డాక్టరు సిద్ధంగా ఉండే ఆస్పత్రిలోనే ఆ ప్రయత్నం చేయాలి. పాత కేసు కాగితాలు తీసుకెళ్లి డాక్టరమ్మని సూటిగా అడుగు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, ఆంధ్రలో 42.4. అన్నీ తప్పనిసరై చేసినవేనని నేననుకోను. నీకు నిజంగా అవసరమైతే మాత్రం నిక్షేపంగా చేయించుకో, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఒక్కటే చెబుతాను, 39 వారాలు నిండకుండా ముహూర్తం కోసం ముందుకు జరపనివ్వకు. ఆ చివరి వారాల్లోనే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. పాత కుట్టు దగ్గర నొప్పి వచ్చినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగవద్దు.

ఇంకో సంగతి. రెండో ఆపరేషన్లోనే "పిల్లల ఆపరేషన్ కూడా చేసేయమంటారా?" అని అడుగుతారు. ఆ మాట థియేటరు బల్ల మీద తేల్చుకునేది కాదు. అల్లుడితో ఇప్పుడే మాట్లాడు. మగవాళ్లకు చేసే ఆపరేషన్ ఇంకా చిన్నది, కోత కుట్టు లేకుండా అయిపోతుంది. మన ఇళ్లలో ఆ ఊసు ఎత్తేవాళ్లే లేరు, నేనెత్తుతున్నాను.

ఇక బిడ్డను ఇంటికి తెచ్చే రోజు. ఎర్రనీళ్లు తిప్పి గుమ్మంలోకి పిలుస్తారు కదా, అప్పుడు చంటిబిడ్డ నీ చేతుల్లో ఉండకూడదు. మీ అమ్మకో అల్లుడికో ఇచ్చెయ్. నీ చేతులు ఖాళీగా ఉండాలి, ఎందుకంటే చిట్టి పరుగెత్తుకొచ్చేది నీ కోసం. అది వచ్చి నీ ఒళ్లో చంటిదాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోతే, ఆ ఆగిపోవడం చాన్నాళ్లు సాగుతుంది. ఆపరేషనైతే దాన్ని ఎత్తుకోలేవు కూడా. ఆరు వారాలపాటు చంటిబిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తకూడదు. అందుకని కుర్చీలో కూర్చుని పక్కకి రమ్మను, పొట్ట మీద ఓ దిండు అడ్డం పెట్టుకుని దగ్గరికి తీసుకో.

చూడటానికి వచ్చేవాళ్ల నోళ్లు ఒక పెద్ద గండం. "ఇక నీ పని అయిపోయిందే," "అమ్మ ఇంక నీది కాదు," "చంటిదాన్ని మేం ఎత్తుకుపోతాం" అని సరదాగా అంటారు. నాలుగేళ్ల పిల్లకి అది సరదా కాదు. ఆడపిల్ల పుడితే "ఈసారైనా మగపిల్లాడు పుడితే బావుండేది" అని చిట్టి ముందే నిట్టూరుస్తారు. అంటే తాను పుట్టడం కూడా ఓ లోటేనని ఆ పిల్లకి అర్థమవుతుంది. వాళ్ల నోరు మూయించే పని నువ్వు పెట్టుకోకు, పచ్చి బాలింతవి. అది అల్లుడి పని, ముందే చెప్పి ఉంచు.

చిట్టి మళ్లీ పక్క తడుపుతుంది, సీసాలో పాలు కావాలంటుంది, నడవనని మారాం చేస్తుంది. తిట్టకు, కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. రాత్రి నాన్న దగ్గర పడుకోవడం ఇప్పటినుంచే అలవాటు చెయ్యి. బిడ్డ వచ్చాక మారిస్తే తనను చంటిది గెంటేసిందనుకుంటుంది. కొత్త బడి, కొత్త గది లాంటివి ఈ రెండు మూడు నెలల్లో పెట్టుకోకు. స్నానం పోసేటప్పుడు దాన్ని దూరంగా తరమకండి. మీ అమ్మ పీట మీద కాళ్లు చాపుకుని బిడ్డను బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తుంటే, శనగపిండి గిన్నె పట్టుకుని చిట్టి పక్కనే గొంతుక్కూర్చోనీ. మెత్తని తువ్వాలు అందించే పని దానిదే. రోజూ ఓ పావుగంట నువ్వూ అదీ మాత్రమే ఉండాలి, చంటిది ఏడ్చినా ఇంకొకరు చూసుకోవాలి.

పెద్దవాళ్లు ప్రేమతోనే చేసినా కొన్ని వద్దు. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి, ఆపరేషనైనా సరే. ముర్రుపాలు పిండి పారేయనివ్వకు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప తేనె, గ్లూకోజు నీళ్లు, వస, ఆముదం ఏవీ నోట్లో పడకూడదు. బొడ్డు పొడిగా ఉంచితే చాలు, దాని మీద ఏ పొడీ చల్లవద్దు. కాటుక కంట్లో పెట్టవద్దు. తల ఆరబెట్టాలని సాంబ్రాణి పొగ పడతారు, పసివాళ్ల ఊపిరికి అది మంచిది కాదు. మీ అత్తగారికి ఎదురు చెప్పకు, "మా పెద్దమ్మ నర్సు, ఆవిడ వద్దంది" అని నా మీదకి తోసెయ్. నీకు దాహమైనప్పుడు నీళ్లు తాగనివ్వని పథ్యం కూడా వద్దు, పాలెలా పడతాయి? వెల్లుల్లి కారం, మునగాకు, పప్పు, గుడ్లు, పాలు శుభ్రంగా తిను. కాయం కావాలంటే మీ అమ్మ చేసి తెస్తుంది, కుంకుడుగింజంత చాలు.

మొదటి పది పదిహేను రోజులు ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గక, నిద్ర పట్టక, బిడ్డ మీద మనసు పోకపోతే దాచుకోకుండా డాక్టరుకి చెప్పు. 14416కి ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. రెండో కాన్పులో ఇది రాదని ఎక్కడా లేదు.

ఆఫీసులో సెలవు కాగితం ఇప్పుడే పెట్టు. చట్టం ప్రకారం రెండో బిడ్డకీ 26 వారాల జీతంతో సెలవు ఉంది, అందులో ఎనిమిది వారాలదాకా కాన్పుకి ముందే తీసుకోవచ్చు. అల్లుడిది ప్రైవేటు కంపెనీ, మగవాళ్ల సెలవు అక్కడ వాళ్ల రూలు ప్రకారమే, కాబట్టి మామూలు సెలవులు ఇప్పటినుంచే కూడబెట్టమను. జననం 21 రోజుల్లో నమోదు కావాలి. ఆస్పత్రిలో పుడితే వాళ్లే పంపుతారు, అయినా పేర్లు సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకో. మీరు బారసాల చేసేది కూడా ఇరవైయొకటో రోజునే, ఆ సందడిలో ఇది మరిచిపోతారు. బారసాలకి ఊరంతటినీ పిలవకండి. పసిబిడ్డకి అంతమంది చేతులు మారడం మంచిది కాదు, నువ్వూ అంతసేపు కూర్చోలేవు.

ఈ ఆదివారం నువ్వూ అల్లుడూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. చిట్టిని బడికి తయారుచేసేది ఎవరు, రాత్రి చంటిదానికి గుడ్డలు మార్చేది ఎవరు, వంట ఎవరిది, అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లాల్సొస్తే చిట్టి దగ్గర ఎవరుంటారు. పేరు లేని పనులన్నీ చివరికి నీ మీదే పడతాయి. మీ అత్తగారు వస్తానంటే మొహమాటపడకుండా రమ్మను. పనిమనిషికి మూడు నెలలు జీతం పెంచి ఇంకో గంట ఉండమను. మీ అమ్మను నువ్వే ఫోన్ చేసి పిలువు. అది నీ పిలుపు కోసమే చూస్తోంది, నువ్వు అడగకుండా వస్తే అల్లుడికి భారమవుతానేమోనని ఆగింది. అడగడానికి సిగ్గుపడకు తల్లీ.

చిట్టికి ముద్దులు. అల్లుడికి ఆశీస్సులు.

నీ పెద్దమ్మ