పెండ్లి ఛాయాచిత్రములు : వెలుతురు, కటకము, కెమెరా

గత వేసవి సెలవులకు ముందు మా విద్యార్థి యొకని తండ్రిగారు మా యొద్దకు వచ్చి, "మాష్టారుగారూ, మావాడు పెండ్లిండ్లలో ఫొటోలు తీసే పని నేర్చుకుంటానంటున్నాడు. మంచి కెమెరా లేకపోతే ఆ పనిలోకి ఎవరూ రానివ్వరట. ఇంట్లో ఉన్నవి వాళ్ళమ్మ గాజులు రెండు. అవి కుదువబెట్టి కొనిపెట్టమంటారా?" అని అడిగిరి. ఆనాడు వారికి మేము చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి ఇచ్చట వ్రాయుచున్నాము. ఈ వృత్తి నవలంబింపగోరు విద్యార్థులకును, ఇంట పెండ్లి తలపెట్టి ఛాయాగ్రాహకుని కుదుర్చుకొనబోవు తల్లిదండ్రులకును ఇది కొంత ఉపకరింపగలదని మా నమ్మకము.

మా సమాధానపు సారమిది: ముందుగా తెలియవలసినది పెండ్లి తంతు. దాని తరువాత వెలుతురు. ఆ తరువాత కటకము, అనగా లెన్సు. కెమెరా నాలుగవది. సామాన్యముగా జనులు ఈ వరుసను తలక్రిందులు చేసి, మొదట కెమెరాకు అప్పు చేయుచున్నారు.

ఈ విద్య మన నగరమునకు క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశమున డాగెర్ కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడియైనది 1839లో. పదునెనిమిది ఏండ్లు తిరుగగనే, 1857లో, చెన్నపట్టణమున ఛాయాగ్రాహకుల సంఘమొకటి వెలసినది. దానిని నెలకొల్పిన అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడే 1850లో ఇచ్చట చిత్రకళా పాఠశాలను స్థాపించెను. అటుపిమ్మట ఫిలిము కాలము వచ్చినది. 120 అను పేరుగల ఫిలిము చుట్టపై చతురస్రపు చిత్రములు 12 మాత్రమే వచ్చును. 35 మిల్లీమీటర్ల చుట్టపై 36. కావున ఆనాటి ఛాయాగ్రాహకుడు ఏ క్షణమున మీట నొక్కవలెనో ముందుగనే తలపోసికొనెడివాడు. నేడు ఒక్క పెండ్లిలో వేలకొలది చిత్రములు తీయవచ్చును. అయినను ముఖ్యమైన చిత్రము తప్పిపోవుట మేము కన్నులార చూచియున్నాము.

పెండ్లి తంతు నెరుగుట

తమిళుల పెండ్లిలో తాళి కట్టుట ప్రధాన ఘట్టము. కెట్టిమేళము మ్రోగు వేళకు ఇచ్చటి ఛాయాగ్రాహకులందరును సిద్ధముగా నుందురు. తెలుగువారిలో పెక్కు కుటుంబములకు సుముహూర్తమనగా జీలకర్ర-బెల్లము. వధూవరుల నడుమ తెర పట్టుదురు. పురోహితులు చెప్పిన ఘడియకు ఒకరి శిరస్సుపై నొకరు జీలకర్ర-బెల్లపు ముద్ద నుంచుదురు. పిమ్మట తెర తొలగును. ఇరువురును ఒకరినొకరు చూచుకొందురు. మంగళసూత్రధారణము ఆ తరువాతనే.

మేమెరిగిన యొక తెలుగువారి యింటి పెండ్లి ఈ నగరముననే జరిగినది. ఛాయాగ్రాహకుడు పనితెలిసినవాడు; అతని పరికరములన్నియు ఖరీదైనవి. అతడు తాళి కట్టు వేళకై ఎదురుచూచుచు, తెర తొలగిన సమయమున వేదిక క్రింద నిలిచి కటకము మార్చుకొనుచుండెను. రెండువేలకు పైగా చిత్రములు వచ్చినవి. ఆ యొక్కటి రాలేదు. పెండ్లికుమార్తె తల్లిగారు ఆల్బము చూపునప్పుడెల్ల ఆ పుటకడ ఆగి, "ఇక్కడ తెర తీశారండీ" అని నోటితో చెప్పుచుందురు. దోషము అతని దొక్కనిదే యనజాలము. మన తంతు ఇట్టిదని అతనికి ముందుగా చెప్పినవారు లేరు.

కావున తల్లిదండ్రులకు మా మనవి: పెండ్లికి ముందు పురోహితులను సంప్రదించి, మీ యింటి యాచారము ననుసరించి జరుగబోవు తంతును వరుసగా ఒక కాగితముపై వ్రాయుడు. ఎదురుకోలు, గౌరీపూజ, కన్యాదానము, జీలకర్ర-బెల్లము, మంగళసూత్రధారణము, తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనము, అప్పగింతలు - వీనిలో మీ యింట నేవి జరుగునో, ఏది ముందో, ఏది వెనుకో సూచించి, తమిళమున గూడ వ్రాసి ఛాయాగ్రాహకునికి ఇండు. దీనికి కాసు ఖర్చు లేదు. విద్యార్థులకు చెప్పునదేమన, రెండు భాషలును, రెండు ఆచారములును ఎరిగిన పనివాని కీ నగరమున విలువ యుండును. తెలుగు బడిలో చదువుట ఈ పనికి అడ్డు కాదు, పెట్టుబడి.

వెలుతురు

కల్యాణమండపమున వెలుతురు ఒక్క తీరున నుండదు. కిటికీనుండి పగటి వెలుగు, పైనుండి తెల్లని దీపములు, వేదికపై పసుపుపచ్చని దీపములు కలగలసి యుండును. వెలుతురు రంగును కెల్విన్ అను కొలమానముతో చెప్పుదురు. మధ్యాహ్నపు టెండయు, ఫ్లాషు దీపమును సుమారు 5500 కెల్విన్లు. తీగ కాగి వెలుగు పాత బల్బు సుమారు 2800. మన కన్ను రెంటికిని సర్దుకొనును. కెమెరా ఒకదానికి మాత్రమే సర్దుకొనును. అందుచేత పెండ్లికుమార్తె ముఖము ఒకవైపు పచ్చగను, మరియొకవైపు నీలముగను వచ్చుట కలదు. ఏదో యొక వెలుతురును ప్రధానముగా చేసికొనుట దీనికి మందు. ఫ్లాషును ప్రధానముగా వాడుట యొక మార్గము. ఫ్లాషుకు నారింజరంగు పలుచని కాగితము కట్టి దానిని వేదిక దీపములతో కలుపుట మరియొకటి.

మీరు భౌతికశాస్త్రమున విలోమ వర్గ నియమమును చదివియుందురు. చిన్న దీపమునుండి దూరము రెండింతలైనచో వెలుతురు నాలుగవ వంతగును; మూడింతలైనచో తొమ్మిదవ వంతు. కెమెరాపై నున్న ఫ్లాషును నేరుగా ప్రయోగించినచో ముందున్న పురోహితుల వీపు తెల్లబోవును. వెనుకనున్న మేనమామ చీకటిలో మునుగును. పట్టుచీర జరీ అద్దమువలె మెరసి కన్నులకు గ్రుచ్చుకొనును. కావున ఫ్లాషును తెల్లని పైకప్పునకు గాని, గోడకు గాని త్రిప్పి, తిరిగివచ్చిన మెత్తని వెలుతురును వాడుదురు. కాని పెద్ద మండపములలో పైకప్పు మిక్కిలి ఎత్తు. కొన్నింట రంగులు పూసి యుందురు. అట్టిచోట దీపమును స్తంభముపై నుంచి, తెల్లని గొడుగును అమర్చి, ప్రక్కనుండి వెలుతురు నిచ్చుట మేలు. హోమము వేళ ఎదుటినుండి ఫ్లాషు వేసినచో పొగ తెల్లని తెరవలె అడ్డు వచ్చును. దీపమును ప్రక్కకు జరిపి, బలము తగ్గించినచో అగ్ని కాంతి ముఖములపై నిలుచును.

ఇంకొక సూక్ష్మము. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు కలది. కొన్ని చౌక దీపములు దానివలన సెకనుకు 100 మారులు మినుకుమినుకు మనుచుండును. షట్టరు సెకనులో 500వ వంతు తెరచిన యెడల చిత్రమున చీకటి చారలు పడవచ్చును. 50వ వంతు గాని 100వ వంతు గాని ఉంచినచో ఆ చారలు చాలవరకు తగ్గును.

వెలుతురు ఎంత పని చేయగలదో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. 1957లో విడుదలయైన "మాయాబజారు" చిత్రమును మన యిండ్లలో చూడనివారరుదు. అందలి కథ శశిరేఖ పెండ్లి. దాని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. తీసినది వడపళని వాహినీ స్టూడియోలో. రంగులు లేని ఆ చిత్రమున మనము చూచి మురియు వెన్నెల ఆయన దీపములతో కూర్చినది. చేతనున్న దీపమును ఎచ్చట నిలుపవలెనో ఆయన ఎరుగును. నేర్చుకొనదలచిన బాలుడు ఒక తెల్లని గొడుగు, ఒక చిన్న దీపము ముందుంచుకొని, ఇంటిలో తన చెల్లెలిని కిటికీ ప్రక్కను కూర్చుండబెట్టి అభ్యసింపవచ్చును.

కటకము

కటకముపై రెండు అంకెలుండును. మొదటిది నాభ్యంతరము, మిల్లీమీటర్లలో. రెండవది ఎఫ్ సంఖ్య. నాభ్యంతరమును కటక ద్వారపు వ్యాసముచే భాగించిన వచ్చునది ఎఫ్ సంఖ్య. 50 మిల్లీమీటర్ల కటకపు ద్వారము 25 మిల్లీమీటర్లైనచో అది ఎఫ్ 2. సంఖ్య చిన్నదైన కొలది వెలుతురు ఎక్కువగా ప్రవేశించును. కెమెరాతోపాటు అమ్ము 18-55 కటకము, 55 కడ ఎఫ్ 5.6 మాత్రమే. విడిగా దొరకు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకము, కటకములన్నిటిలో చౌకైనవానిలో నొకటి. 5.6ను 1.8చే భాగించి వర్గము చేసి చూడుడు: తొమ్మిది రెట్లకు మించిన వెలుతురు! మసక మండపమున ఖరీదైన కెమెరా చేయలేని పనిని ఈ చిన్న కటకము చేయును.

అయితే ద్వారము మిక్కిలి పెద్దదైనచో ఒక్కరి కన్నులు మాత్రమే స్పష్టముగా వచ్చి, ప్రక్కనున్నవారు మసకబారుదురు. ఇరువురు కూర్చున్నప్పుడు ఎఫ్ 4 దరిదాపులను, బంధువులందరును వరుసలు తీరినప్పుడు ఎఫ్ 5.6 నుండి 8 వరకును వాడుట క్షేమము.

జీలకర్ర-బెల్లమునకు ఏ కటకము కావలెను? తెరకు ఇరువైపుల నున్న రెండు ముఖములును, రెండు చేతులును ఒకే చిత్రమున రావలెనన్నచో తెర కొసకు ఎదురుగా నిలువవలెను. చోటు ఇరుకు, కావున వెడల్పు చూపు 35 మిల్లీమీటర్ల కటకము తగును. 36 × 24 మిల్లీమీటర్ల పెద్ద సెన్సారు గల కెమెరాకు ఇది వర్తించును. దానికి ఒకటిన్నర వంతు చిన్నదైన సెన్సారుపై 24 మిల్లీమీటర్ల కటకము ఆ పని చేయును. తల్లి కన్నీరు తుడిచికొనునప్పుడు దగ్గరకు పోరాదు. దూరమునుండి 85 గాని, 70-200 గాని వాడవలెను. తలంబ్రాల బియ్యము గాలిలో నిలిచినట్లు కనబడవలెనన్న షట్టరు సెకనులో 500వ వంతు ఉండవలెను.

కెమెరా

ఇప్పుడు కెమెరా మాట. జ్ఞాపకపు కార్డులు రెండు పట్టునట్టిది కొనుట మంచిది. ఒకటి చెడినను రెండవదానిలో చిత్రములు నిలుచును. పెండ్లి మరల జరుగదు గదా! పెద్ద సెన్సారు తక్కువ వెలుతురున మేలు; కాని చిన్న సెన్సారు కెమెరాతోను, మంచి కటకముతోను చక్కని పని చేయవచ్చును. అద్దములేని క్రొత్త కెమెరాలలో చిత్రము ఎట్లు రానున్నదో మీట నొక్కక ముందే కనబడును. నేర్చుకొనువారికి అది ఉపకారి. ఏ కెమెరాయైనను తెల్లని మధుపర్కములను చూచి మోసపోవును. దృశ్యమెల్ల తెల్లనైనచో దానిని బూడిదరంగుగా నెంచి చిత్రమును నల్లబరచును. అప్పుడు వెలుతురును మనమే కొంత పెంచవలెను.

ఈ నగరమున కెమెరాలు, కటకములు దినమునకింత అని అద్దెకు దొరకును. పని కుదిరిన దినమున తెచ్చుకొని, మరునాడు అప్పగింపవచ్చును. నాలుగైదు పెండ్లిండ్లు అద్దె కటకములతో చేసిన పిమ్మట ఏది తనకు నిత్యము కావలెనో తెలియును. వాడిన కటకము కొనునప్పుడు దానిని దీపమున కెత్తి లోపల చూడవలెను. సముద్రపు తేమగాలి గల మన యూరిలో కటకముల లోపల సాలెగూడు పోగులవంటి బూజు పట్టుట కద్దు. చల్లని గదినుండి వేడిగాలిలోనికి తెచ్చినప్పుడు కటకముపై ఆవిరి పట్టును. సంచిలోనే కొంతసేపుంచి పిమ్మట తీయవలెను.

ఆ తండ్రిగారు గాజులు కుదువబెట్టలేదు. అబ్బాయి అనుభవము గల ఒక తమిళ ఛాయాగ్రాహకుని యొద్ద దీపము పట్టు సహాయకుడుగా చేరినాడు. కొన్ని నెలలకు ఒక తెలుగువారి పెండ్లి వచ్చినది. గురువుగారు తాళికై సిద్ధమగుచుండగా అతడు తమిళమున, "అన్నా, దానికి ముందు ఒకటుంది. తెర కొసకు రండి" అని చెప్పి, గొడుగును అటు త్రిప్పెను. ఆ చిత్రమును మాకు తెచ్చి చూపినాడు. తెర సగము దిగియున్నది. ఇద్దరి చేతులు ఇద్దరి శిరస్సులపై నున్నవి. పెండ్లికుమార్తె కనులెత్తి చూచుచున్నది. మీట నొక్కినది గురువుగారు. వెలుతురు పట్టినది మన బాలుడు.

అతనికి ఇప్పటికిని సొంత కెమెరా లేదు. కొంత సొమ్ము కూడబెట్టుచున్నాడు. మొదట 50 కటకమును కొందుననుచున్నాడు. మేము సరే యంటిమి. ఇంకను చదువగోరువారికి తరమణిలో ఎం.జి.ఆర్. పేరిట ప్రభుత్వ చలనచిత్ర శిక్షణ సంస్థ కలదు. అచ్చట ఛాయాగ్రహణమును శాస్త్రీయముగా నేర్పుదురు. అంతవరకు విద్యార్థులు తమ యింటి పెద్దలను పెండ్లి తంతు వరుసగా చెప్పుమని అడిగి, వ్రాసికొని, వచ్చే సోమవారము తరగతికి తీసికొనిరావలెను. ఒక్కొక్క యింటి వరుస ఒక్కొక్క విధముగా నుండును. వానినన్నిటిని పోల్చి చూతము.