యుద్ధం మొదలయ్యాక బయలుదేరితే

గద్వాల



2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగినప్పుడు సరిహద్దులో లేకపోయానే అని వనపర్తి హాస్టల్లో నువ్వు ఇప్పటికీ దిగులు పడుతున్నావట, మనుమడా. మీ అమ్మ చెప్పింది. రెండేళ్లు ముందు పుట్టి ఉంటే బాగుండేదని కూడా అన్నావట. ఆ దిగులు ఈ ఇంటికి కొత్త కాదు. చైనాతో యుద్ధం 1962 అక్టోబర్ 20న మొదలై నెల రోజుల్లో ఆగిపోయింది. మరుసటి ఏడాది కాలేజీల్లో ఎన్‌సీసీని నిర్బంధం చేశారు. మీ తాత కూడా ఖాకీ బట్టలు వేసుకుని, అరువు బూట్లలో కాళ్లు బొబ్బలెక్కించుకున్నాడు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. కేడెట్లను వెనుక వరస పనుల్లో పెట్టుకున్నారు కానీ, ఈ తాతకు మాత్రం సావధాన్, విశ్రామ్ తప్ప వేరే పని పడలేదు.

ఒకసారి లెక్క చూడు. 1971 యుద్ధం డిసెంబర్ 3న మొదలై 16న ముగిసింది. కార్గిల్ మూడు నెలలు సాగలేదు. ఆపరేషన్ సిందూర్ నాలుగు రోజులు. సైన్యంలో నాలుగేళ్ల కొలువుకు అగ్నివీర్‌గా ఎంపికైనవాడికి శిక్షణే ఆరు నెలలకు అటూ ఇటూగా పడుతుంది. అంటే యుద్ధవార్త విని ఊరి నుంచి బయలుదేరినవాడు తుపాకీ పట్టుకునేసరికి కాల్పుల విరమణ కూడా పాతబడి ఉంటుంది. ఆవేశం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. 1962 దెబ్బ తర్వాత మద్రాసులో, పుణేలో అధికారుల శిక్షణ స్కూళ్లు తెరిచి, కుర్రాళ్లకు ఎమర్జెన్సీ కమిషన్లు ఇచ్చారు. వాళ్లెవరూ 62కు అందలేదు. 65కు మాత్రం అందారు.

యూనిఫాం వేసుకుని, గుర్రమెక్కి, యుద్ధరంగందాకా వెళ్లినా అందని వాళ్లున్నారు. హైదరాబాద్ లాన్సర్ల సంగతి తెలుసుకో. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం పంపిన దళం అది. అప్పట్లో మన గద్వాల, వనపర్తి రెండూ నిజాం ఏలుబడి కిందున్న సంస్థానాలే. జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో కలిపి వీళ్లను 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌గా కూర్చారు. 1918 సెప్టెంబర్ 23న పాలస్తీనాలోని హైఫా రేవు మీద దాడి జరిగింది. ఎదుట తురుష్కుల మెషిన్ గన్లు, ఫిరంగులు. దాడికి దిగినవాళ్ల చేతుల్లో బల్లేలు, కత్తులు. జోధ్‌పూర్ దళాన్ని నడిపిన మేజర్ దళపత్ సింగ్ అక్కడే నేలకొరిగాడు. సాయంత్రానికి ఊరు చేజిక్కింది. అశ్విక దళాల చరిత్రలో ఇప్పటికీ చెప్పుకునే దాడి అది.

ఆ దాడిలో హైదరాబాదీలు లేరు. పట్టుబడిన ఖైదీలను కాపలా కాస్తూ తరలించే పని వాళ్లకు పడింది. వేల మైళ్లు సముద్రం దాటి వెళ్లి, సరిగ్గా ఆ రోజున ఖైదీల వెంట నడవడం ఎంత కష్టంగా ఉండి ఉంటుందో! కానీ ఢిల్లీలో 1922లో నిలబెట్టిన తీన్‌మూర్తి స్మారకం చూడు. అక్కడున్న మూడు కంచు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్‌ది. 2018లో ఆ కూడలి పేరు తీన్‌మూర్తి హైఫా చౌక్ అయింది. ఖైదీల కాపలా కూడా యుద్ధంలో పనేనని ఆ విగ్రహాలు పెట్టినవాళ్లకు తెలుసు. అది తప్పిన అవకాశం అనడానికి తాతకు నోరు రాదు.

నువ్వుంటున్న వనపర్తికి కూడా సైనిక కథ ఉంది. రాజా మొదటి రామేశ్వరరావు పందొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో అశ్విక దళాన్ని పెంచాడు. 1866లో ఆయన పోయాక ఆ దళం నిజాం కొలువులో కలిసింది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేటకు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే నిలిచింది. మాసాబ్ ట్యాంక్ వైపు వెళ్లినప్పుడు గుర్తు తెచ్చుకో.

ఇక దగ్గరివాళ్ల సంగతి. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో ప్రాణాలిచ్చాడు. ఆయన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు. ఆ రాత్రి కోసం కాకపోయినా, బడి వయసు నుంచే తయారవుతూ వచ్చాడన్నమాట. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలో కల్లితండా అని ఉంది. మన నాగర్‌కర్నూల్ తండాల్లాంటిదే. అక్కడి మురళీ నాయక్ 2022లో అగ్నివీర్‌గా చేరి, 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో అమరుడయ్యాడు. నువ్వు తప్పిపోయిందని బాధపడే ఆ నాలుగు రోజులు ఆ ఇంటికి ఏం తెచ్చాయో ఒక పూట కూర్చుని ఆలోచించు. వద్దనడానికి కాదు, తెలిసి వెళ్లమనడానికే.

నిన్ను భయపెట్టాల్సింది యుద్ధం దాటిపోవడం కాదు, వయసు దాటిపోవడం. కరోనా వల్ల రెండేళ్లు సైనిక నియామక ర్యాలీలు ఆగాయి. పరుగు, మెడికల్ గెలిచినవాళ్లు కూడా రాతపరీక్ష కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. అంతలో 2022 జూన్ 14న, అగ్నివీర్లను తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు. అప్పుడు గరిష్ఠ వయసు 21 అన్నారు. ఆ ఒక్క ఏడాదికి 23 చేశారు. ఆ పథకం మీద నిరసనల్లో జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు పోయాడు. ఆ కుర్రాళ్ల కడుపుమంట న్యాయమైనదే. కానీ పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవరినీ తీసుకోబోమని సైన్యం చెప్పేసింది. కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు ఆ దారే మూసుకుపోయింది. ఎవరు ఫోన్ చేసి పిలిచినా గుంపులో కలవకు.

కేసరి సముద్రం కట్ట మీద పరుగెత్తే నీ నాగర్‌కర్నూల్ దోస్తులు 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో కొడుతున్నారట, సంతోషం. అయితే ఇప్పుడు ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాతే పరుగు. పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంటే అదనపు మార్కులున్నాయి. నాలుగేళ్ల తర్వాత పర్మనెంట్ చేసేది నూటికి ఇరవై అయిదు మంది దాకానే. మిగతావాళ్లు దాదాపు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికొస్తారు, పింఛను ఉండదు. కాబట్టి డిగ్రీ వదలకు. ఇందులో కుదరకపోతే టెరిటోరియల్ ఆర్మీ ఉంది, ఉద్యోగం చేసుకుంటూనే 42 ఏళ్ల దాకా అధికారిగా ప్రయత్నించవచ్చు. 2025 మేలో వాళ్ల 32 పదాతి బెటాలియన్లలో 14ను పిలిచేందుకు కేంద్రం అనుమతిచ్చింది.

నీ ఆధార్‌లో పుట్టిన తేదీ, పదో తరగతి మెమోలో తేదీ ఒకటేనా కాదా ఈ వారంలోనే చూసుకో. తేడా ఉంటే శనివారం గద్వాలకు రా, ఇద్దరం కలిసి మీ-సేవకు పోదాం. వచ్చేటప్పుడు మెమో ఒరిజినల్ తేవడం మరవకు.

మీ తాత