బలం చూసి కాదు, లోటు చూసి ఎంచుకోండి

రాయలసీమ పల్లెల్లో కురుక్షేత్రం నాటకం కట్టాలనుకుంటే యుద్ధం రిహార్సల్స్ కంటే ముందే మొదలవుతుంది. కృష్ణుడెవరు, దుర్యోధనుడెవరు, అర్జునుడెవరు అన్నది ఒక పట్టాన తేలదు. చివరికి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ఒక్క వేషాన్నే ముగ్గురికి పంచుతారు. రాత్రంతా పద్యాలు పాడటం ఒక్క గొంతు వల్ల కాదు, నిజమే. ఆ కిరీటం పెట్టుకోవాలనే ఆశ ముగ్గురికీ ఉండటం కూడా అంతే నిజం. రాయబారం సీన్లో రాగం తీసి వన్స్‌మోర్ అనిపించుకోవాలని అందరికీ ఉంటుంది. వికర్ణుడి వేషానికి మాత్రం ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి.

ఇదే పేచీ ప్రపంచమంతటా ఒక బల్ల చుట్టూ కూడా నడుస్తోంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను తెచ్చారు. కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. ఒకరు సూత్రధారిగా కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. ఆ పాత్ర ఏ రకమన్నదాన్ని ఆటలో క్లాస్ అంటారు. మొదట మూడే ఉండేవి: కత్తి పట్టే యోధుడు, మంత్రగాడు, దైవబలంతో గాయాలు మాన్పే క్లెరిక్. మరుసటి ఏడాది దొంగ వచ్చి చేరాడు. 2014 నాటి నియమాల పుస్తకంలో క్లాసులు 12కు పెరిగాయి.

ఆట మొదలుకాకముందే, ‘నీ ఫేవరెట్ క్లాస్ ఏది?’ అని అడుగుతారు. సరదాగా అడిగేదే అయినా, మనిషి తన గురించి తాను ఏమనుకుంటున్నాడో ఆ ఒక్క జవాబులో తెలిసిపోతుంది.

పాతాళగంగ దగ్గర నలుగురు

బెంగళూరులో ఒకే గదిలో ఉంటున్న కడప, కర్నూలు కుర్రాళ్లు నలుగురు ఆదివారం పూట ఈ ఆట ఆడుతున్నారనుకోండి. కథాస్థలం మన బెలుం గుహలే. మూడు కిలోమీటర్లకు పైగా పొడవు, లోపల పాతాళగంగ. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? సూత్రధారి చెబుతున్నాడు: “నీళ్ల చప్పుడు దగ్గరపడింది. దివిటీ ఆరిపోయింది. ఎదురుగా ఏదో కదిలింది. ఏం చేస్తారు?”

“మంత్రం వెయ్ రా!”

“పొద్దున్నే వేసేసినా కదప్పా. మళ్లీ రేపే.”

“మరి ముందుకు పో!”

“నాకు కవచం యాడుంది? నువ్వు పో. నీ వెనకాల నేనుంటా.”

ఇది ఉత్త హాస్యం కాదు, పాత నియమాలు అలాగే ఉండేవి. మొదటి మెట్టులో ఉన్న మంత్రగాడికి రోజుకు ఒక్క మంత్రమే. ఒంటికి కవచం లేదు, చేతిలో బాకు తప్ప ఆయుధం లేదు. యోధుడు ఏ కవచమైనా తొడుక్కోవచ్చు, కానీ ఒక్క మంత్రం రాదు. క్లెరిక్ గాయాలు మాన్పుతాడు, పదునైన ఆయుధం ముట్టుకోకూడదు.

ఆట రూపొందించినవాళ్ల తెలివంతా ఇక్కడే ఉంది. ప్రతి క్లాసుకూ ఒక బలం ఇచ్చి, దానితోపాటు తప్పించుకోలేని ఒక లోటూ ముడిపెట్టారు. కొత్త ఆటగాడు బలం ఒక్కటే చూసి పాత్ర తీసుకుంటాడు. నిప్పుల వాన కురిపించవచ్చని మంత్రగాడవుతాడు, గంట తిరక్కుండానే ఆట మీద విసుక్కుంటాడు. ఆట తెలిసినవాడు ముందు లోటు సంగతి చూస్తాడు. ‘మూడు గంటలసేపు వెనక వరసలో నిలబడి, ఒక్క సరైన క్షణం కోసం కాచుకోవడం నా వల్ల అవుతుందా?’ అవుతుందనుకుంటేనే మంత్రగాడి టోపీ పెట్టుకుంటాడు.

పాచికలు ముందు, పాత్ర తర్వాత

ఆ తొలి ఆటలో ఇంకో నియమం ఉండేది. బలం, తెలివి, వివేకం, ఓర్పు, చురుకు, ఆకర్షణ అని ప్రతి పాత్రకూ ఆరు గుణాలు. ఒక్కో గుణానికి మూడు పాచికలు వేయాలి. 3 నుంచి 18 దాకా ఏదైనా పడవచ్చు. ఆ పడిన అంకెలు చూసుకున్నాకే క్లాస్ ఎంచుకోవాలి. బలానికి 15, తెలివికి 7 పడినవాడు మంత్రగాడు కావాలని పట్టుబడితే కాదనేవాళ్లు లేరు. ఆ నష్టం మాత్రం వాడిదే.

మన ఇళ్లలో ఈ వరస తలకిందులుగా ఉంటుంది. పదో తరగతి ఫలితాలు రాకముందే క్లాస్ ఖాయం. ఊళ్లో ఒకడికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే ఆ వీధి పిల్లలందరికీ అదే వేషం. ఇంకొకరికి బ్యాంకు ఉద్యోగం వస్తే పెట్టె సర్దుకుని నంద్యాల కోచింగ్‌కు ప్రయాణం. ఆ ఉద్యోగాల్లో తప్పేమీ లేదు. వాటి బలం గురించి చెప్పినంతగా లోటు గురించి ఎవరూ చెప్పకపోవడమే ఇబ్బంది. బ్యాంకు ఉద్యోగానికి బదిలీల లోటు ఉంది. సాఫ్ట్‌వేర్‌లో నిన్న నేర్చుకున్నది రేపటికి పాతబడుతుంది. టీచరు చేసిన మేలు కంటికి కనబడటానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ‘ఈ పనిలో నాకేం దక్కుతుంది?’ అని అందరూ అడుగుతారు. ‘ఈ పనిలో లేనిదేదో అది లేకుండా నేను ఉండగలనా?’ అని అడిగేవాళ్లు తక్కువ.

ఈ ప్రశ్న మన రైతుకు కొత్త కాదు. జమ్మలమడుగు, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో పప్పుశనగ వేసేది అక్కడ వానలు దండిగా పడతాయని కాదు. వాన వెనక్కి పోయాక మట్టిలో మిగిలిన తేమతోనే కాయగలదని వేస్తాడు. లేని నీటిని లెక్కలో పెట్టుకునే పైరు ఎంచుకుంటాడు.

ఒకే ఊరు, రెండు వేషాలు

ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడ పేరు చెబితే నరసింహారెడ్డి గుర్తుకొస్తాడు. 1846లో కంపెనీ ప్రభుత్వం మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. ఆట భాషలో అసలైన యోధుడు. ఆయన మీద సినిమా వచ్చింది, పాటలున్నాయి.

అదే ఊళ్లో బుడ్డా వెంగళరెడ్డి అని ఇంకొకాయన ఉండేవాడు. 1866 కరువులో వేలమందికి అంబలి పోయించి ప్రాణాలు నిలబెట్టాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఆయన మీద కూడా సీమలో పాటలున్నాయి. ఈయనది గాయాలు మాన్పే వేషం.

ఇద్దరి మధ్య ఉన్నది ఇరవై ఏళ్లు. ఊరు ఒకటే, మట్టి ఒకటే. ఎవరు గొప్ప అని తూచడం కంటే, ఎవరు ఏ లోటుకు ఒప్పుకున్నారో చూస్తే మనకు ఉపయోగం. యోధుడి వేషం ప్రాణం అడుగుతుంది, అన్నదాత వేషం గాదెలు అడుగుతుంది. తాము ఎంచుకున్న వేషం ఏం అడిగితే అది ఇద్దరూ ఇచ్చారు. ఇవ్వకుండా ఒట్టి కీర్తిని ఆశించి ఉంటే ఇద్దరి పేర్లూ మనదాకా వచ్చేవి కావు.

లోటు ఒప్పుకోవడంలో మరో లాభం ఉంది. పక్కవాడి విలువ తెలుస్తుంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు గ్రంథాల మీద మనసు పడ్డాడు. తాళపత్రాలు పోల్చి, పాఠాలు సరిచూసే పని ఒక్కడి వల్ల కాదని గ్రహించి, కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. ఆ జట్టును నడిపే భారం అయోధ్యాపురం కృష్ణారెడ్డి మీద పెట్టాడు. అన్నీ తనకే వచ్చని బ్రౌన్ అనుకుని ఉంటే వేమన పద్యాలు 1829లో అచ్చులోకి వచ్చేవా?

వేషం ఒక్కటే కానక్కర్లేదు

‘ఒకసారి ఎంచుకుంటే జన్మంతా అదేనా?’ అనే సందేహం రావచ్చు. దానికి జవాబు కడప సీమలోని సురభి గ్రామంలో ఉంది. అక్కడ 1885లో వనారస గోవిందరావు కుటుంబాలవాళ్లు ‘కీచక వధ’ ఆడారు. అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలు ఆడించేవాళ్లు. తెర వెనక నిలబడి బొమ్మకు గొంతునిచ్చిన మనుషులే ముఖానికి రంగేసుకుని తెర ముందుకొచ్చారు. గొంతు, కథ, పద్యం చేతిలో ఉన్న బలాలు. జనం కళ్లలో కళ్లు పెట్టి నిలబడటం అలవాటు లేని పని. ఉన్న బలాన్ని ఊతంగా పట్టుకుని లేనిదాన్ని నేర్చుకున్నారు. సురభి నాటక సమాజాలన్నీ అక్కణ్నుంచి పుట్టినవే.

ఆ సమాజాల్లో పిల్లలు చిన్ని కృష్ణుడితో మొదలుపెట్టి, వయసుతోపాటు వేషాలు మారుతూ పోతారు. ‘మాయాబజార్’లో లడ్లు గాల్లో తేలి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే జనం చప్పట్లు కొడతారు. తెర పక్కన దారం లాగుతున్న మనిషి తర్వాతి సీన్లో వేషం కట్టాల్సినవాడే కావచ్చు. నటన, రంగులు, తెరలు, లైట్లు అన్నీ ఇంటిల్లిపాదీ పంచుకునే పనులు. ఇందులో మనకు పాఠం ఉంది: ముందు ఒక వేషం గట్టిగా నేర్చుకోవాలి, తర్వాత జట్టుకు ఏది అవసరమో దానిలోకి మారాలి. నేటి ఆటలో మల్టీక్లాస్ అనేది కూడా ఇదే. రెండోది మొదలుపెడితే మొదటిది కొంత నెమ్మదిస్తుందన్న షరతు అక్కడా ఉంది.

ఇలా చేసి చూడండి

ఒకటి: మీకు బాగా నచ్చిన పాత్ర పేరు రాయండి. ఘటోత్కచుడో, శకునియో, సినిమా హీరోనో, ఎవరైనా సరే. ఆ పాత్ర ఏం చేయగలదో రాయకండి. ఏం చేయలేదో మూడు వాక్యాలు రాయండి. రాయలేకపోతే, మీరు ఇష్టపడింది కిరీటాన్నే, పాత్రను కాదు.

రెండు: మీతో పనిచేసే ఇద్దరిని, ‘ఏ ఇబ్బంది వస్తే నా దగ్గరికొస్తావు?’ అని అడగండి. లెక్క తేలకపోతేనా, గొడవ సర్దాలంటేనా, మనసు బాగాలేకపోతేనా? వాళ్లు చెప్పేదే ప్రస్తుతం మీరు కట్టిన వేషం. మీరు అనుకుంటున్న వేషానికీ దానికీ దూరం ఎంతో చూసుకోండి.

మూడు: మీ లోటును ఎవరు పూడుస్తున్నారో వాళ్ల పేరు గుర్తుపెట్టుకుని, ఆ మాట వాళ్ల ముఖం మీదే చెప్పండి.

నాలుగు: నష్టం లేని చోట అప్పుడప్పుడు అలవాటు లేని వేషం కట్టండి. ఎప్పుడూ ముందుండి నడిపేవాళ్లు ఒక పెళ్లిలో వడ్డన వరసలో నిలబడి, చెప్పింది చేసి చూడండి. ఎప్పుడూ వెనక ఉండేవాళ్లు ఇంటి స్థలం బేరం ఒకసారి తామే మాట్లాడి చూడండి.

ఇంటర్వ్యూలో ‘మీ బలహీనత ఏమిటి?’ అని అడిగితే చాలామంది ‘ఎక్కువ కష్టపడతాను’ అని చిలకపలుకులు పలుకుతారు. ఈసారి అలా కాకుండా, ‘నాకు ఫలానా పని రాదు. ఆ పని వచ్చినవాళ్ల పక్కన కూర్చుంటే మాత్రం మిగతాదంతా నేను చూసుకుంటాను’ అని చెప్పండి. ఆ మాట విని వద్దనే చోట మీకు పని దొరకకపోయినా ఫర్వాలేదు. అక్కడ అందరూ కృష్ణులే అయివుంటారు.