గర్భంలో రూపం – గ్రహణంపై నింద

పసుపు పండే సిరికొండ పల్లెల్లోనూ, చెరకు పండే బోధన్ వైపూ పై పెదవి చీలి పుట్టిన బిడ్డను ‘గ్రహణం మొర్రి’ అంటారు. గ్రహణం నాడు కత్తిపీట ముట్టావా అని తల్లిని నిలదీస్తారు. విచారమేమంటే, మన ముస్లిం ఇళ్లలోనూ ఈ మాట వింటున్నాం.

మాతృగర్భాల్లో తాను కోరిన రీతిలో మనకు రూపమిచ్చేవాడు అల్లాహ్‌యేనని ఆలి ఇమ్రాన్ సూరా 6వ ఆయతు బోధిస్తున్నది. ఆ రూపం ఏర్పడే తీరును నేటి వైద్యం కొంత చూడగలిగింది. పెదవి మొదట ఒకటిగా ఉండదు. ముక్కు కిందినుంచి, రెండు దవడల వైపునుంచి పెరిగే భాగాలు దగ్గరై అతుక్కుంటాయి. గర్భం 4 నుంచి 7 వారాల మధ్యే ఇదంతా. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు! ఆ భాగాలు కలవకపోతే చీలిక మిగులుతుంది. వంశపారంపర్యం, తల్లికి ముందే ఉన్న మధుమేహం, పొగ, కొన్ని మందులు కారణం కావచ్చు. చాలాసార్లు కారణం తేలదు. కత్తిపీట మాత్రం కాదు.

హిజ్రీ 10లో దైవప్రవక్త (సఅసం) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజే సూర్యగ్రహణం పట్టింది. జనం రెంటినీ ముడిపెట్టారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన (సఅసం) దాన్ని ఖండించారు, ఎవరి చావుపుట్టుకలకూ గ్రహణం పట్టదన్నారు, నమాజు చేయమన్నారు.

గర్భిణి కూడా ఆ నమాజు చేయవచ్చు, అన్నం తినవచ్చు, కూర తరగవచ్చు. ఇక బిడ్డ పెదవికి సాధారణంగా 3 నుంచి 6 నెలల వయసులో ఆపరేషన్ చేస్తారు. అంతవరకు పాలు పట్టే పద్ధతి డాక్టరును అడగాలి.