రెండు నదుల చిత్రకారుడు

రాజమహేంద్రవరములో చదువుకొనిన విద్యార్థులలో దామెర్ల రామారావుగారి పేరు విననివారు అరుదు. ఆయనకు త్రోవచూపిన దొరగారి పేరు మాత్రము మన తరగతిలో అడుగగా నలువురైనను చెప్పలేకపోయిరి. కావున ఈ సంవత్సరము మన సంచికకు ఆ విషయమునే పాఠముగ వ్రాయ నిశ్చయించితిమి.

ఆ దొరగారి పేరు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. జననము 1882లో. ఇంగ్లండులో థేమ్స్ నది యొడ్డుననున్న ఆబింగ్డన్ అను చిన్న పట్టణము ఆయన స్వస్థలము. ఆక్స్‌ఫర్డులో చదివి, విద్యాశాఖ యుద్యోగిగ మనదేశమునకు వచ్చి, 1909 మొదలు 1919 వఱకు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగ నుండిరి. ఏటి యొడ్డున పుట్టి పెరిగినవానికి మరల ఏటి యొడ్డుననే యుద్యోగము దొరకుట యదృష్టమే గదా! 1920లో తాము ప్రకటించిన పద్యసంపుటికి థేమ్స్ నదిని గోదావరిని జోడించి పేరు పెట్టుకొనిరి. దక్షిణదేశమును గూర్చి 1924లో వ్రాసిన మఱియొక గ్రంథమునకు బొమ్మలు కూడ తామే వేసికొనిరి.

కళాశాలాధ్యక్షులకు పనులు తక్కువయా? హాజరుపట్టీలు, పరీక్షలు, పై యధికారులకు నివేదికలు. అయినను ఈయన కాగితములును రంగులపెట్టెయు చేతబట్టి గోదావరి గట్టున గూర్చుండి చిత్రించెడివారు. బొమ్మలు వేయు పిల్లవాడు కంటబడినచో చేరదీసెడివారు. ఆకాలమున మన పల్లెలలో బొమ్మలు వేయు పిల్లవానిని "పనికిమాలిన గీతలు గీయుచున్నాడు" అని పెద్దలు మందలించుట పరిపాటి. ఆ పలుకు నేటికిని పూర్తిగ పోలేదని మన విద్యార్థులే చెప్పగలరు. రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన రాజమండ్రిలో జన్మించిరి. వారిది తిండికి లేని కుటుంబము కాదు. కాని చిత్రకళకు గురువు, బడి, జీవనోపాధి అనునవి ఆ యూర కానరాని దినములలో అట్టి పిల్లవాడు ఎంత కలిగినవాడైనను ఆ విషయమున దిక్కులేనివాడే యని మా యభిప్రాయము.

దొరగారు ఏమి నేర్పిరి? ఆనాడు చిత్రలేఖనమనగా అచ్చుపుస్తకములోని గులాబిని చూచి మరల గులాబిని వేయుట. చూచి వ్రాయుటకు నల్లబల్ల యెంతో, అదియు నంతే. ఈయన శిష్యులను బయటకు తీసికొనిపోయి, కన్నులకు కనబడుదానిని గీయుమనిరి. పడవ, ఎడ్లబండి, కడవతో నీళ్లకు వచ్చిన స్త్రీ, తాడిచెట్ల వరుస: ఇవి బొమ్మకు తగినవే యని ఒక పరదేశీయుడు చెప్పవలసివచ్చెను! అంతటితో ఆగక శిష్యులను అజంతా ఎల్లోరా గుహలకు గూడ వెంటబెట్టుకొనిపోయిరి. అజంతాలో గోడకు మట్టిపూతపూసి, దానిపై సన్నని సున్నపుపొర పట్టించి, రాళ్లనుండియు మన్నునుండియు తీసిన రంగులతో బౌద్ధ చిత్రకారులు పనిచేసిరి. అక్కడ రూపమునకు ప్రాణము రేఖ. ఒక్క వంపుగీతతో భుజమును, చేతిని, వ్రేళ్లను కూడ తెలుపుదురు. పడమటి పద్ధతి నెరిగిన దొరగారు "మా పద్ధతి నేర్చుకొనుడు" అనక, మన పూర్వుల గోడలయెదుట మన పిల్లలను నిలువబెట్టుట మాకు మిక్కిలి గొప్పగ తోచినది.

ఇచట కొంచెము పని సంగతి. మొన్న మేము మా విద్యార్థులతో రాజమండ్రిలో రామారావుగారి పేర వెలసిన చిత్రశాలకు పోయినప్పుడు, ఎనిమిదవ తరగతి బాలు డొకడు ప్రకృతిచిత్రము ముందు నిలిచి, "మాస్టరుగారూ, చెట్టుకు వేల ఆకులుండును గదండీ, వీరు నాలుగు మరకలతో సరిపెట్టినారేమండీ?" అని యడిగెను. మంచి ప్రశ్న. దూరపు చెట్టునకు ఆకులు కంటికి కనబడవు. నీడ, వెలుగు, ఆకారము మాత్రమే కనబడును. నీటిరంగులలో తెల్లరంగును పూయక కాగితపు తెలుపునే వెలుగుగ వదలుదురు. కావున పలుచని రంగు ముందు, చిక్కని రంగు పిదప. తడి యారకముందు రెండవపూత పూసినచో రంగులు కలిసి ఆకాశమునకు మేఘమునకు పనికివచ్చును. ఆరినపిదప పూసినచో అంచు తేరి గట్టునకు పడవకు పనికివచ్చును. దూరపు కొండలు లేతనీలముగ నుండుటకు కారణము నడుమనున్న గాలి. పాపికొండలను పడవమీదినుండి చూచినవారికి ఇది వేఱుగ చెప్పనక్కరలేదు. ఆ బాలుడు ఇంటికిపోయి చింతచెట్టును మూడు మరకలతో వేసి తెచ్చెను. కొమ్మ యొకటి గాలిలో తేలుచున్నదిగాని, మునుపటి వానికంటె నిజముగ మేలు.

దొరగారి ప్రోత్సాహముననే రామారావుగారు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరి 1920 వఱకు చదివిరి. అడివి బాపిరాజుగారును కూల్డ్రేగారి శిష్యులే. చిత్రకారులై, 'నారాయణరావు' నవలకు 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును విశ్వనాథవారి 'వేయిపడగలు'తో పంచుకొనిరి. కవికొండల వేంకటరావుగారు కవులైరి. ఒక్క కళాశాలనుండి ఇందఱు వెలువడుట పాఠ్యప్రణాళిక వలన మాత్రము కాదు.

1919లో దొరగారు వెళ్లిపోయిరి. చెముడు ముదిరి, బోధకు పనికిరానివారై ఆబింగ్డనుకు చేరిరి. అప్పటికి వయస్సు ముప్పదియేడు మాత్రమే! రామారావుగారు బొంబాయినుండి తిరిగివచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల స్థాపించి, గురువు తనకు చేసినది ఇతరులకు చేయసాగిరి. మిత్రులు వరదా వెంకటరత్నముగారు తోడైరి. భార్య సత్యవాణీదేవిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రములు వేసిరి. స్త్రీలు రంగులు పట్టుట అపురూపమైన ఆ దినములలో ఇది చిన్న సంగతి కాదు. 'సిద్ధార్థ రాగోదయము', 'ఋష్యశృంగ బంధనము' మున్నగునవి ఆ కొలది సంవత్సరముల ఫలము. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికము సోకి రామారావుగారు మరణించిరి. ఇరువదియెనిమిదవ యేడైనను నిండలేదు.

వెంకటరత్నముగారు ఆ శాలను విడువక నడిపిరి. చిత్రములు భద్రముగ నిలిచినవి. మేము పోయిన దినమున మా పిల్లలు వానిని చూచుటకు పట్టిన సమయము గంటన్నర. గట్టుమీద బజ్జీలకు పట్టినది దాదాపుగ అంతియే. కూల్డ్రేగారు థేమ్స్ యొడ్డున వ్రాయుచు చిత్రించుచు, తన శిష్యునికంటె ముప్పదిమూడేండ్లు అధికముగ బ్రతికి, 1958లో కన్నుమూసిరి.